డాక్టరు సీటు రాలేదు, బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో చేరమంటారా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నాను. ప్లస్ టూ సైన్సులో గణితం, జీవశాస్త్రం రెండూ తీసుకుని ఈ ఏడాది పూర్తి చేశాను. నీట్‌లో ప్రభుత్వ సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి రూర్కెలా ఎన్‌ఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ దొరకవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో ఎలక్ట్రానిక్స్ సీటు కూడా వచ్చేలా ఉంది. బయోమెడికల్ అంటే సగం డాక్టరు, సగం ఇంజనీరు అని మా అధ్యాపకుడు చెప్పారు. ఆసుపత్రిలో మెషీన్లు బాగుచేసే మెకానిక్కు పనికి నాలుగేళ్ల చదువెందుకు, అందులోనూ ఆడపిల్లకు, అని మా మేనమామ అంటున్నారు. మా నాన్నగారికి బజారులో టీవీలు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. ఆయన మాత్రం ఏమీ అనడం లేదు. నేను ఏది తీసుకోవాలి? ఇంకొక విషయం, మా తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు. వాడిని ఇంటర్ చదవడానికి విశాఖపట్నం పంపాలనుకుంటున్నారు. దానివల్ల ముందు ముందు ఇబ్బంది ఏమైనా ఉంటుందా?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

సమాధానం: మీ అధ్యాపకుడి మాటనే ముందు తీసుకుంటాను, ఎందుకంటే మీ మేనమామ మాటకన్నా అదే మిమ్మల్ని ఎక్కువగా దారి తప్పించగలదు. బయోమెడికల్ ఇంజనీరింగ్ సగం డాక్టరు చదువు కాదు, పూర్తిగా ఇంజనీరింగ్ చదువు. నాలుగేళ్ల తరువాత చేతికి వచ్చేది బీటెక్ పట్టా. దానితో రోగికి మందు రాయడానికి గాని, జబ్బు ఇదీ అని చెప్పడానికి గాని ఎవరికీ అధికారం రాదు. శరీర నిర్మాణం, శరీర ధర్మం తప్పకుండా చదువుతారు, కాని అవి నాలుగేళ్లలో కొద్ది పేపర్లే. మిగిలిన కాలమంతా గణితం, సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రోగ్రామింగ్, కంట్రోల్ సిస్టమ్స్‌తో గడుస్తుంది. ఆ పైన వైద్య పరికరాల నిర్మాణం, స్కానింగ్ యంత్రాల భౌతికశాస్త్రం, శరీరంలో అమర్చే లోహాలు, ప్లాస్టిక్కుల సంగతి చెప్పే బయోమెటీరియల్స్, ఎముకలు కీళ్ల మీద పడే బలాలను లెక్కగట్టే బయోమెకానిక్స్ వస్తాయి. డాక్టరు కాలేకపోయిన బాధకు ఉపశమనంగా ఈ సీటు తీసుకున్న పిల్లలు కొందరు నాకు తెలుసు. మొదటి ఏడు ఎలాగో గడిచిపోయింది. రెండో ఏడులో ఫోరియర్, లాప్లాస్ గణితం ఎదురైనప్పుడు తాము పొరబాటు తరగతిలో కూర్చున్నామని వాళ్లకు అర్థమైంది. అందువల్ల మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు. మీకు రోగి దగ్గర కూర్చోవడం ఇష్టమా, రోగికి తగిలించిన యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం ఇష్టమా అన్నది ముందు తేల్చుకోండి. మొదటిదే అయితే మరో ఏడాది నీట్‌కు కూర్చోవడమో, నర్సింగ్ వంటి చదువు చూసుకోవడమో మేలు.

ఆ రెండో ఇష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. కరోనా రోజుల్లో మీ ఇంట్లోనో పొరుగింట్లోనో వేలికి తగిలించుకునే పల్స్ ఆక్సిమీటరు చూసే ఉంటారు. దాని లోపల రెండు చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. ఒకటి సుమారు 660 నానోమీటర్ల ఎర్రటి వెలుగును, రెండోది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కిరణాన్ని వేలిగుండా పంపుతాయి. ప్రాణవాయువు మోస్తున్న రక్తం పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, మోయని రక్తం ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇంతవరకు ప్లస్ టూ భౌతికశాస్త్రమే. చిక్కేమిటంటే వెలుగును చర్మం, ఎముక, సిరల్లోని రక్తం కూడా పీల్చుకుంటాయి. వాటి వాటాను వేరుచేసి ధమనిలోని రక్తం సంగతి ఒక్కటే పట్టుకోవడం ఎలాగన్న ప్రశ్నకు 1974లో జపాన్‌లో టకువో అఓయాగి అనే ఇంజనీరు జవాబు కనిపెట్టాడు. ఆయన అసలు చేస్తున్న పని వేరు. గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో రంగు కలిపి కొలవాలని ప్రయత్నిస్తుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే అలలు లెక్కను చెడగొడుతున్నాయి. ఆ అలలను వదిలించుకునే ప్రయత్నంలో ఉండగా, అలతోపాటు మారేది ధమని రక్తం ఒక్కటేనని ఆయనకు తట్టింది. స్థిరంగా ఉన్న భాగాన్ని పక్కన పెట్టి, కదిలే భాగాన్ని రెండు రంగుల్లోనూ పోల్చి చూస్తే చాలు, కావలసిన సంఖ్య దొరుకుతుంది. ఈ పరికరం ఒక్కదానిలోనే ఎలక్ట్రానిక్స్, శరీర ధర్మశాస్త్రం, సిగ్నల్ ప్రాసెసింగ్, గణాంకశాస్త్రం నాలుగూ కలిసి ఉన్నాయి. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఈ పరికరం అసలు ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపే సందర్భాలు ఎక్కువని 2020 చివర అమెరికా ఆసుపత్రుల సమాచారంతో తేల్చారు. మన కొండ గ్రామాల్లో ఇదే పరికరాన్ని నమ్ముకుని రోగిని పైఆసుపత్రికి పంపాలో వద్దో నిర్ణయిస్తున్నప్పుడు అది చిన్న విషయమా చెప్పండి. ఈ పేరా చదువుతున్నప్పుడు మీకు ఆసక్తి పెరిగితే ఈ చదువు మీకు సరిపోతుంది. విసుగు పుడితే ఆ విసుగును నమ్మండి.

ఇప్పుడు మీ మేనమామ గారి మాట. మెషీన్లు బాగుచేయడం ఈ వృత్తిలో ఒక భాగమేనన్నది నిజమే, దానిని దాచవలసిన పని లేదు. ఆ పని ఎటువంటిదో ఆయనకు తెలియకపోవచ్చు. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, పక్కదారిన ఈ రంగంలోకి వచ్చినవాడిని. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సరిహద్దు ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఈసీజీ యంత్రం చెడిపోయిందని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే కాగితం మీద సన్నని గీత ఉండవలసిన చోట మందమైన నల్లటి పట్టీ పడుతోంది. అంతకుముందే కేబుళ్లు మార్చారు, ఒక బోర్డు కూడా మార్చారు, బిల్లు కట్టారు, పట్టీ మాత్రం పోలేదు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంటే ప్రతి మిల్లీమీటరులో రెండు అలలు పడతాయి. అవి విడివిడిగా కనబడవు, కలిసిపోయి పట్టీలా కనబడతాయి. గుండె ఇచ్చే సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే కాబట్టి గోడలోని కరెంటు దానిని సులువుగా ముంచేయగలదు. ప్లగ్గు పీకి యంత్రాన్ని బ్యాటరీ మీద నడిపితే పట్టీ చాలావరకు సన్నబడింది. లోపం యంత్రంలో లేదని తేలింది. ఎర్తింగు గొయ్యి ఎక్కడ ఉందని అడిగితే ఎవరికీ తెలియదు. చివరికి ఒక ముసలి వాచ్‌మన్ చూపించాడు. దాని మీద ఎప్పుడో సిమెంటు గచ్చు పోసి మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు. ఏళ్ల తరబడి నీళ్లు ఎరగని ఆ గొయ్యిని తవ్వి, ఎర్తింగు మళ్లీ చేయించిన తరువాత గీత సరిగా పడింది. అంతవరకు ఆ ఆసుపత్రిలో ఎంతమంది గుండెనొప్పి రోగుల ఈసీజీలు ఆ పట్టీ మాటున చదవలేకపోయారో నాకు తెలియదు.

ఆ గొయ్యి సంగతి మీ నాన్నగారికి చెబితే ఆయనకు మరొకరు వివరించనక్కరలేదు. పాత పిక్చర్ ట్యూబు టీవీ విప్పేటప్పుడు ముందుగా ట్యూబులో మిగిలిన ఛార్జిని దించకుండా ఆయన చెయ్యి పెట్టి ఉండరు. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరులోనూ అటువంటి కెపాసిటరే ఉంటుంది, దానిలో 360 జౌళ్ల వరకు శక్తి నిలవచేసే యంత్రాలు ఉన్నాయి. తేడా ఎక్కడంటే, మిక్సీ బాడీని ముట్టుకుంటే చిమచిమలాడిందని దుకాణానికి తెచ్చేవారికి తగిలేది సుమారు ఒక మిల్లీఆంపియరు కరెంటు. చర్మం మీద అది చికాకు మాత్రమే. గుండె లోపలికి తీగ లేదా గొట్టం వేసి ఉన్న రోగికి అందులో పదోవంతు కూడా ప్రమాదమే. గుండెకు నేరుగా తగిలే పరికరం నుంచి మామూలు స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు మించి లీకేజి రాకూడదని అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తోంది. చిమచిమలో నూరోవంతు అన్నమాట. దానిని కొలిచి, రాసి, సంతకం పెట్టే బాధ్యత ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీరుది. మీ మేనమామ గారు దీనిని మెకానిక్కు పని అని పిలుస్తానంటే నాకు అభ్యంతరం లేదు.

ఆ పని చేసేవారు దేశంలో ఎంత తక్కువో చెప్పడానికి ఒక లెక్క ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలుపెట్టే ముందు లెక్క తీస్తే, 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు తేలాయి. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం వరకు పనిచేయకుండా పడి ఉన్నాయి. కొనడానికి డబ్బు దొరికినంత సులువుగా, కొన్నదానిని నడిపించే మనిషి దొరకలేదు.

మీ ఊరికి ఆనుకుని ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు చుట్టాలున్న కుటుంబాలు మీ చుట్టుపక్కల చాలానే ఉంటాయి. అక్కడ డయాలసిస్ మీద బతుకుతున్నవారిని డాక్టరు ఎంత చూసుకుంటాడో నీటి యంత్రం కూడా అంతే చూసుకోవాలి. శుద్ధి చేసిన నీటితో తయారయ్యే డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు పారితే 120 లీటర్లు అవుతుంది. మనం తాగే నీటిలో ఏదైనా మలినం ఉంటే పేగులు కొంతైనా అడ్డుకుంటాయి. ఇక్కడ రక్తానికీ ఆ నీటికీ మధ్య ఉన్నది ఒక పలుచని పొర మాత్రమే. క్లోరిన్‌ను పట్టే బొగ్గు ఫిల్టరు ఎప్పుడు మార్చాలి, ఆర్వో పొర సరిగా వడకడుతోందా, గొట్టాల్లో సూక్ష్మజీవులు చేరాయా అన్నవి చూడడానికి రసాయనశాస్త్రం, ఫ్లూయిడ్ మెకానిక్స్, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి అక్కడి సిస్టరుతో తెలుగులోనూ, ఇవతలి గట్టున ఒడియాలోనూ మాట్లాడగలిగితే ఇంకా మంచిది. అలారం ఎందుకు మోగుతోందో అర్థమయ్యేలా చెప్పకపోతే విసిగిపోయిన సిబ్బంది దానిని ఆపేసి ఊరుకుంటారు. ఇది నేను చాలా చోట్ల చూశాను. మూడు భాషలు రావడం మీ దరఖాస్తులో చిన్న గీతే అయినా, వార్డులో దాని విలువ పెద్దది.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని ఊరించను. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఈ రంగంలో మొదటి జీతం సాధారణంగా తక్కువ. పెద్ద ఆసుపత్రుల్లో పరికరాల విభాగం, తయారీ సంస్థల్లో సర్వీసు ఇంజనీరు పని, డాక్టర్లకు యంత్రం వాడకం నేర్పే అప్లికేషన్ పని, అనుమతులు, నాణ్యత పత్రాలు చూసే పని, పరిశోధన, తయారీ, ఇవే ముఖ్యమైన దారులు. వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చి 2018 జనవరి నుంచి అమలైన తరువాత, 2020లో అన్ని పరికరాలనూ చట్టం పరిధిలోకి తెచ్చిన తరువాత, అనుమతుల పని తెలిసినవారికి గిరాకీ పెరిగింది. కూర్చుని చదివి రాయడం ఇష్టమున్నవారికి అది మంచి దారి. తయారీ వైపు చూస్తే, 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ విశాఖపట్నంలోనే ఉంది. మీ ఊరి మీదుగా వెళ్లే గుణుపురం ప్యాసింజరు ఎక్కితే చేరుకునే నగరమే అది. కొత్త పరికరం పుట్టించడం మనవల్ల ఎక్కడవుతుందని అనుకోకండి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన గుండె కవాటాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలు కాళ్లకు ఊతంగా కట్టే మూడు కిలోల క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణులకు వాడే తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేయించినవారు అబ్దుల్ కలాం బృందంవారు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఈ శాఖలో కొద్దిగానే పడతాయి. గేట్ పరీక్షలో బయోమెడికల్ పేపరు 2020 నుంచి ఉంది. అది ఎంటెక్ సీట్లకు బాగా పనికివస్తుంది, ప్రభుత్వరంగ సంస్థల కొలువులకు మాత్రం ఎక్కువగా ఎలక్ట్రికల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వంటి పేపర్లనే అడుగుతారు. ఇంట్లోవారు ప్రభుత్వ ఉద్యోగమే కావాలని పట్టుబడితే ఈ విషయం చేరేముందే చెప్పడం మంచిది. ఆడపిల్ల అన్న అభ్యంతరానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. సర్వీసు పనిలో ప్రయాణాలు, వేళకాని వేళ ఫోన్లు ఉంటాయి, మగవారికీ ఉంటాయి. ప్రసూతి వార్డులో, నవజాత శిశువుల విభాగంలో యంత్రం ఆగినప్పుడు ఆడ ఇంజనీరు వస్తే అక్కడివారు ఎంత తేలికపడతారో నేను చూశాను.

ఇక సీటు సంగతి. మీ రెండింటిలో నేనైతే రూర్కెలానే ఎంచుకోమంటాను. కారణం శాఖ పేరు కాదు, ప్రయోగశాలలు, తోటి విద్యార్థులు, కావాలంటే పక్క విభాగంలో సర్క్యూట్ల క్లాసులు కూడా తీసుకునే వీలు. అక్కడి విభాగం పేరులోనే బయోటెక్నాలజీ, మెడికల్ ఇంజనీరింగ్ రెండూ ఉన్నాయి, బీటెక్ శాఖలు మాత్రం వేరువేరు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒకటి అనుకుని మరొకటి నొక్కకండి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కాబట్టి, నిరుటి ముగింపు ర్యాంకులు చూసేటప్పుడు హోమ్ స్టేట్ వరుసలో, అందులోనూ అమ్మాయిలకు కేటాయించిన సీట్ల వరుసలో చూడండి. మొత్తం జాబితా చూసి బెంబేలు పడేవారు, లేదా లేనిపోని ఆశ పెట్టుకునేవారు ఏటా ఉంటారు. రాయపూర్ ఎన్‌ఐటీలో, హైదరాబాదు ఐఐటీలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఈ చదువు ఉంది. కాని చదువంతా ఒడిశాలో సాగినందువల్ల తెలుగు రాష్ట్రాల స్థానిక కోటా మీకు వర్తించదు, రాయపూర్‌లో సొంత రాష్ట్రం వాటా ఉండదు.

రూర్కెలా రాకపోతే మాత్రం నా సలహా మారుతుంది. పేరులో బయోమెడికల్ ఉన్నంత మాత్రాన ఏ ప్రైవేటు కళాశాలలోనూ చేరకండి. ముందు వెళ్లి ప్రయోగశాల చూపించమనండి. ఈసీజీ సిమ్యులేటరు, లీకేజి కొలిచే సేఫ్టీ ఎనలైజరు ఉన్నాయా, ఏ ఆసుపత్రిలో ఎన్ని వారాలు శిక్షణ ఇస్తారు అని అడగండి. జవాబు నసిగితే అదే భువనేశ్వర్ ఎలక్ట్రానిక్స్ సీటు తీసుకోండి. ఎలక్ట్రానిక్స్ గట్టిగా వచ్చినవారు తరువాత ఎంటెక్‌లో బయోమెడికల్‌కు మారడం సులువు, నాలాగా ఉద్యోగంలోనే నేర్చుకున్నవారూ ఉన్నారు. రెండింటిలోనూ అరకొరగా మిగిలినవారికే కష్టం.

ఆప్షన్లు పెట్టేలోగా ఒక పని చేయవచ్చు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి పెద్ద చోట, తెలిసినవారి ద్వారా అనుమతి అడిగి ఒకరోజు పరికరాలు చూసుకునేవారి వెంట తిరగండి. 1962లో మొదలైన ఆ కళాశాల పేరులోని కృష్ణచంద్ర గజపతి మీ పర్లాకిమిడి మహారాజే కాబట్టి అక్కడ మీకు కొంచెం చనువు కూడా ఉండాలి! మిగిలిన రోజుల్లో మీ నాన్నగారి పక్కన కూర్చుని మల్టీమీటరు పట్టడం, సోల్డరింగు, సర్క్యూటు చూసి లోపం ఎక్కడుందో వరుసగా వెతకడం నేర్చుకోండి. ఆయన ఏమీ అనడం లేదని రాశారు. ఈ చదువులో ఆయనే మీకు మొదటి గురువు కాగలరని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ తమ్ముడి విషయంలో ఒక్కటి గమనించండి. ఎన్‌ఐటీ సీట్లకు సొంత రాష్ట్రం అంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో ఆ రాష్ట్రం. విశాఖలో ఇంటర్ పూర్తి చేస్తే అతనికి రూర్కెలా సొంత రాష్ట్రపు సీటు కాకుండా పోతుంది. దానికి బదులు తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీలో ఆ వాటా వస్తుంది. అక్కడ బయోమెడికల్ శాఖ లేదు, బయోటెక్నాలజీ ఉంది. ఆంధ్రలో స్థానికుడు కావడానికి ఆ రెండేళ్లు చాలవు. ఒడిశా రాష్ట్ర కౌన్సెలింగులో నివాస ధ్రువపత్రం కూడా అడుగుతారు కనుక, అతన్ని పంపాలనే నిర్ణయిస్తే, మీ నాన్నగారి పేర ఆ పత్రం ఇప్పుడే పర్లాకిమిడి తహసీల్దారు కార్యాలయంలో తీసి ఉంచండి.